నిలువ నీడ

ఇల్లు లేని మనిషిని గురించి చెప్పవలసి వచ్చినప్పుడు మన భాషలో "నిలువ నీడ లేదు" అంటాము. ఆ పలుకుబడిలో రెండు విషయాలు ఇమిడి ఉన్నవి. నీడ దొరకడం ఒకటి, ఆ నీడలో నిలువగలగడం మరొకటి. ఆలోచించి చూస్తే నీడకు ఊళ్ళో కొదవ లేదు. చెట్టు క్రింద ఉన్నది, మూసిన దుకాణం ముందు ఉన్నది, రైలుస్టేషను వసారాలో ఉన్నది. నిలువనివ్వడమే లేదు. చెట్టు నీడ పొద్దుతో పాటు జరిగిపోతుంది. దుకాణదారు తెల్లవారగానే నీళ్ళు చల్లి లేవగొడతాడు. స్టేషనులో లాఠీ చప్పుడు వినిపిస్తుంది. నిరాశ్రయుల కొరకు నగరాలలో మనం ఏర్పరచిన ఆశ్రయాలు కూడ చాలాకాలం ఈ రెండింటిలో మొదటిదానిని ఇచ్చి రెండవదానిని మరచినవి. ఆ రెండవదానిని గురించి నేడు కొంత మనవి చేస్తాను.

ముందు వీరెందరో, ఎవరో తెలుసుకోవడం మంచిది. జనగణన సమయంలో ఇళ్ళు లేనివారిని లెక్కించడానికి ఒక రాత్రిని ప్రత్యేకంగా కేటాయిస్తారు. గణకులు ఆ రాత్రి కాలిబాటల వెంట, వంతెనల క్రింద, గుడి మెట్ల మీద తిరిగి, పడుకొని ఉన్నవారిని వ్రాసుకొంటారు. 2011 ఫిబ్రవరి 28వ తేదీ రాత్రి అట్లా వ్రాసుకొన్నప్పుడు దేశమంతటా 17 లక్షల 73 వేలమంది తేలారు. 2001లో ఈ సంఖ్య 19 లక్షల 43 వేలు. మొత్తం మీద తగ్గినది గదా అని సంతోషించబోతే పట్టణాల లెక్క అడ్డు వస్తున్నది. పట్టణాలలో వీరు 7 లక్షల 78 వేలనుంచి 9 లక్షల 38 వేలకు పెరిగారు. 2021లో జరుగవలసిన జనగణన వాయిదా పడినది. ఏమైనా, ఇది ఒక్క రాత్రి దీపం పట్టుకొని వెదకితే కనబడినవారి సంఖ్య. కనబడకుండా పడుకోవడమే క్షేమమని ఎరిగిన ఆడవారు, పిల్లలు ఇందులో ఎందరు చేరి ఉంటారో ఎవరికి వారే ఊహించుకోవలసినదే.

వీరందరూ యాచకులని మనలో చాలామంది అభిప్రాయం. అది సరి కాదు. వీరిలో పనిచేసి బ్రతికేవారు అనేకులు. తాపీమేస్త్రీకి ఇసుక మోసేవారు, మార్కెట్టులో బస్తాలు దింపేవారు, రిక్షా త్రొక్కేవారు, కాగితాలు ఏరేవారు ఉన్నారు. కల్యాణమండపంలో చేతికి తొడుగు వేసుకొని మనకు మిఠాయి వడ్డించినవాడు, పందిరి విప్పిన తరువాత ఎక్కడ పడుకొంటాడో మనం అడగము. పనివారు గాక ఇంటినుంచి గెంటివేయబడిన వృద్ధులు, మతి చలించి దారి తప్పినవారు, తాగుబోతు భర్త దెబ్బలకు ఓర్వలేక పిల్లలతో బయటపడిన స్త్రీలు, పెద్దాసుపత్రిలో ఉన్న రోగికి తోడు వచ్చి ఆరుబయట పడిగాపులు కాచేవారు. ఇట్లా ఒక్కొక్కరిది ఒక్కొక్క కథ. అందరికీ సమానంగా ఉన్నది ఒక్కటే: రేపు రాత్రి ఎక్కడ పడుకోవాలన్న ప్రశ్న రోజూ మొదటినుంచి మొదలవుతుంది.

పరాయివానికి పడుకొనడానికి చోటు ఇవ్వడం మన దేశానికి క్రొత్త కాదు. పుణ్యం కోరి సత్రాలు కట్టించినవారు, వాటికి మాన్యాలు వ్రాసి ఇచ్చినవారు తెలుగునాట ప్రతి తాలూకాలోనూ ఉండేవారు. గోదావరి లంకలలో వేళ కాని వేళ వచ్చిన బాటసారికి అన్నం వండి పెట్టిన డొక్కా సీతమ్మగారి పేరు ఇప్పటికీ తలుచుకొంటున్నాము. కాని సత్రానికి ఒక నియమం ఉండేది. రెండు మూడు రోజులకు మించి ఉండరాదు. అది న్యాయమైన నియమమే. ఎందుకంటే సత్రం బాటసారి కొరకు కట్టినది. బాటసారికి బయలుదేరిన ఊళ్ళో ఇల్లు ఉంటుంది, చేరబోయే ఊళ్ళో బంధువో పనో ఉంటుంది. మధ్య దారిలో నడుము వాల్చడానికి చోటు చాలు. నిరాశ్రయుడు బాటసారి కాదు. అతనికి వెనుక ఇల్లు లేదు, ముందు ఇల్లు లేదు. అయినా నగరపాలకసంఘాలు రాత్రి ఆశ్రయాలు కట్టినప్పుడు సత్రపు నియమమే మనసులో ఉంచుకొన్నవి. చీకటి పడ్డాక రావలెను, తెల్లవారగానే పోవలెను.

ఒక్క రాత్రి ఆశ్రయానికి విలువ లేదని నేను అనబోవడం లేదు. చలికాలంలో, తుఫాను వేళ, ఒంటరి ఆడదాని విషయంలో ఒక్క రాత్రి నీడ ప్రాణం నిలుపుతుంది. మేము రేడియోలో వాతావరణ సూచన చదువుతూ, రాత్రి ఉష్ణోగ్రత రెండు మూడు డిగ్రీలు తగ్గవచ్చునని చెబుతాము. ఇంట్లో ఉన్నవారికి అది ఇంకొక దుప్పటి సంగతి. వీధిలో ఉన్నవారికి ప్రాణం సంగతి. ఆ వార్త ఎక్కువ అవసరమైనవారి దగ్గర రేడియో ఉండదన్నది వేరే మాట. కాని ప్రాణం నిలపడం వేరు, ఆ మనిషిని వీధినుంచి తప్పించడం వేరు. రెండవ పనికి రాత్రులు చాలవు, నెలలు కావలెను.

ఎందుకు కావలెనో చూద్దాము. ఉదయం ఆరు గంటలకు ఆశ్రయం తలుపు మూసిన తరువాత ఆ మనిషి చేతిలో ఒక మూట ఉంటుంది. అందులో దుప్పటి, ఒక జత బట్టలు, మేస్త్రీపని వాడైతే తాపీ, మట్టగోల. ఆ మూటతో అతడు కూలీల అడ్డాకు పోవలెను. మూట చూడగానే పని ఇచ్చేవాడు, వీడు నేడు ఉండి రేపు పోయేవాడని గ్రహిస్తాడు, ఇంకొకరిని పిలుస్తాడు. పని దొరికినా మూట ఎక్కడ పెట్టడం? టీ దుకాణంలో పెడితే సాయంత్రానికి ఉంటుందన్న నమ్మకం లేదు. అందుచేత ఆశ్రయంలో మంచం కంటె ముఖ్యమైన వస్తువు తాళం వేసుకొనే చిన్న పెట్టె. వినడానికి స్వల్పంగా ఉంటుంది గాని, సామాను వదలిపెట్టి పనికి పోగలిగినవాడికీ, సామాను మోసుకొని తిరుగవలసినవాడికీ కూలి రేటులోనే తేడా వస్తుంది. రాత్రిపూట మార్కెట్టులో బస్తాలు దింపేవాడి గతి ఇంకా విచిత్రం. అతడు పగలు నిద్రపోవలెను. ఆశ్రయం రాత్రి మాత్రమే తెరుస్తారు.

తరువాత కాగితం. దరఖాస్తు ఏదైనా సరే, అందులో చిరునామా అనే గడి ఒకటి ఉంటుంది. ఇల్లు లేనివాడు ఆ గడి దగ్గర ఆగిపోతాడు. రేషన్ కార్డుకు గుర్తింపు పత్రం కావలెను, గుర్తింపు పత్రానికి చిరునామా కావలెను, చిరునామాకు ఇల్లు కావలెను, ఇంటికి డబ్బు కావలెను, డబ్బు దాచుకొనడానికి బ్యాంకు ఖాతా కావలెను, ఖాతాకు మళ్ళీ గుర్తింపు పత్రం కావలెను. ఈ గానుగ తిరుగుడును ఆపగలిగినది ఆశ్రయమే. గుర్తింపు పొందిన ఆశ్రయగృహం అధికారి ఇచ్చిన ధ్రువపత్రాన్ని ఆధార్ నమోదుకు అంగీకరిస్తారు. ఓటు విషయంలో ఎన్నికల సంఘం చేసిన ఏర్పాటు మరీ చక్కనిది. ఇల్లు లేనివాడు తాను పడుకొనే చోటునే చిరునామాగా వ్రాయవచ్చును. పోలింగు కేంద్రం అధికారి రాత్రివేళ అక్కడికి వెళ్ళి, అతడు నిజంగా అక్కడే నిద్రిస్తున్నాడా అని చూడవలెను. ఒక్క రాత్రి చూస్తే చాలదు. ఒకటికంటె ఎక్కువ రాత్రులు చూడవలెను. చూసి నిర్ధారించుకొన్న తరువాత వేరే రుజువు అడుగరాదు. ఇంత ఉదారమైన నియమం కూడ ఒక్క చోట నిలకడగా పడుకోగలిగినవాడికే ఉపయోగపడుతుందన్న సంగతి గమనించండి. నేడు వంతెన క్రింద, రేపు పార్కు గోడ ప్రక్కన పడుకొనేవాడి ఓటును ఏ అధికారి ఎక్కడ వెదకగలడు?

ఇక ఆరోగ్యం. వీధిలో బ్రతికేవారిని పట్టుకొనే జబ్బులలో క్షయ ఒకటి. సామాన్యమైన క్షయకు మందు ఉన్నది, ప్రభుత్వం ఉచితంగా ఇస్తున్నది. కాని ఆ మందును ఆరు నెలలపాటు రోజూ వేసుకోవలెను. దగ్గు తగ్గినదని మధ్యలో మానివేస్తే, మందులకు లొంగని క్షయగా మారే ప్రమాదం ఉన్నది. ఆ తరువాత చికిత్స కష్టతరం, ఇతరులకు సోకితే వారికీ అదే కష్టం. రోగికి పౌష్టికాహారం కొరకు కేంద్రప్రభుత్వం 2018నుంచి నెలకు 500 రూపాయలు, 2024 నవంబరునుంచి నెలకు 1,000 రూపాయలు ఇచ్చే ఏర్పాటు చేసినది. ఆ సొమ్ము బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఇప్పుడు ఆలోచించండి. ఆరు నెలలు ఒకచోట ఉండనిచ్చే ఆశ్రయం ఉంటే ఆ మనిషి మందు సీసా పెట్టెలో ఉంటుంది, వేళకు గుర్తు చేసేవారుంటారు, ఖాతా ఉంటుంది. లేకపోతే మూట పోయినప్పుడల్లా మందులు కూడ పోతాయి. వైద్యుడు వ్రాసిన చీటీ పోతుంది. వైద్యం మొదటికి వస్తుంది. అందుచేత ఆశ్రయాన్ని నేను ఆసుపత్రిలో ఒక వార్డుగానే లెక్కవేస్తాను.

డబ్బు సంగతి చెప్పకుండా ముందుకు పోలేము. ఊహకు ఒక లెక్క వేసుకొందాము. ఒక మనిషికి రోజుకు 500 రూపాయల కూలి, నెలకు ఇరవై రోజుల పని అనుకొందాము. నెలకు పది వేలు. ఇంట్లో వండుకొనే వసతి లేదు కాబట్టి మూడు పూటలా కొనుక్కొని తినవలెను. స్నానానికి డబ్బు, మరుగుదొడ్డికి డబ్బు. ఊళ్ళో తల్లికో పిల్లలకో కొంత పంపవలెను. మిగిలినది ఒంటి మీద పెట్టుకొని వీధిలో పడుకొంటే తెల్లవారేసరికి ఉండదు. తీరా నగర శివార్లలో నాలుగు వేల రూపాయలకు గది దొరికినా ఇంటివారు రెండు నెలల అడ్వాన్సు అడుగుతారు. అద్దెతో కలిపి పన్నెండు వేలు, పొయ్యికీ గిన్నెలకూ ఇంకొక రెండు వేలు. నెలకు రెండు వేలు మిగల్చగలిగిన మనిషికి కూడ ఏడు నెలలు పడుతుంది; ఆ ఏడు నెలలలో జ్వరం రాకుండా ఉంటే. గది అద్దె ఇచ్చుకోగల మనిషి వీధిలో ఉండడానికి కారణం చాలాచోట్ల ఇదే. అద్దె ఇచ్చుకోగలడు; అడ్వాన్సు కూడబెట్టుకోలేడు. ఏడు నెలలు భద్రంగా పడుకొనడానికి చోటు, కూలి దాచుకొనడానికి ఖాతా దొరికితే ఎనిమిదవ నెలలో అతనికి ఆశ్రయంతో పని ఉండదు. ఎక్కువ కాలం ఉంచుకొంటేనే మనిషి త్వరగా వెళ్ళిపోతాడన్న మాట వినడానికి విరుద్ధంగా తోస్తుంది గాని లెక్క చూస్తే అట్లాగే తేలుతున్నది.

మన న్యాయస్థానాలకు ఈ సంగతి తెలియక పోలేదు. 2010 జనవరిలో, ఢిల్లీలో చలి తీవ్రంగా ఉన్న రోజులలో, ఒక ఆశ్రయాన్ని తొలగించినందున జనం చలికి బలి అవుతున్నారని సుప్రీంకోర్టు నియమించిన కమిషనర్లు కోర్టుకు లేఖ వ్రాశారు. 2001నుంచి నడుస్తున్న ఆహారపు హక్కు వ్యాజ్యంలోనే కోర్టు దానిని విచారించి, పెద్ద నగరాలలో ప్రతి లక్ష జనాభాకు ఒక ఆశ్రయం ఉండవలెనని, అది సంవత్సరం పొడుగునా, ఇరవైనాలుగు గంటలూ తెరచి ఉండవలెనని ఆదేశించినది. పరుపులు, మరుగుదొడ్లు, త్రాగునీరు, వైద్యం ఉండవలెనన్నది. 2013లో ప్రారంభమైన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ ఈ ఆశయాన్ని పథకంగా మార్చినది. మనిషికి 50 చదరపు అడుగుల చోటు, స్త్రీలకు, కుటుంబాలకు, వృద్ధులకు, జబ్బునుంచి తేరుకొనేవారికి వేరువేరు ఆశ్రయాలు, ఆశ్రయంలో ఉన్నవారికి గుర్తింపు పత్రం, రేషన్, పింఛను, పిల్లలకు బడి, బ్యాంకు ఖాతా ఇప్పించే బాధ్యత అన్నీ అందులో వ్రాసి ఉన్నవి. వ్రాత బాగున్నది. కాని భవనం కట్టించడం ఒక కంట్రాక్టరుకు అప్పగించవచ్చును. ఒక్కొక్క మనిషి వెంట ఆఫీసు ఆఫీసుకు తిరిగే పని ఎవరికి అప్పగిస్తారు? చాలా పట్టణాలలో ఆశ్రయం అంటే ఒక కాపలావాడు, ఒక రిజిస్టరు. 2020లో కరోనా వ్యాధి ప్రబలి దేశమంతా మూతపడినప్పుడు, నిరాశ్రయులను రాత్రీ పగలూ ఒకచోట ఉంచి అన్నం పెట్టడం అవసరమై, పాఠశాలలూ సభాభవనాలూ ఆశ్రయాలైనవి. చేయాలనుకొంటే చేయగలమని అప్పుడు తేలినది.

ఆశ్రయం ఎంతకాలం, ఏ విధంగా అన్న ప్రశ్నను మన దేశంలో బాగా లోతుగా పరిశీలించినవారు నాకు తెలిసినంతలో మదరాసులో, అంటే నేటి చెన్నైలో ఉన్నారు. 1993లో వందనా గోపీకుమార్, వైష్ణవీ జయకుమార్ అనే ఇద్దరు యువతులు మతి చలించి వీధిపాలైన స్త్రీల కొరకు ఒక గృహం ప్రారంభించారు. సంస్థకు బాన్యన్ అని పేరు పెట్టుకొన్నారు. మన మాటలో మర్రిచెట్టు. గృహానికి అడైకలం అని పేరు. అరవంలో ఆ మాటకు ఆశ్రయమనే అర్థం.

రైలు ఎక్కి ఎక్కడినుంచో వచ్చి చెన్నై వీధులలో తిరిగే స్త్రీలలో తమిళం తెలియనివారు అనేకులు. మన తెలుగువారూ ఉంటారు. వచ్చిన నాడు పేరు చెప్పలేనిది, మందులతో, అన్నంతో, నిద్రతో కొన్ని వారాలకు పేరు చెబుతుంది. ఇంకొన్ని వారాలకు ఊరి పేరు. ఆ పేరు గల ఊళ్ళు పది ఉంటాయి. ఆమె యాసనుబట్టి, ఊరి గుడినిబట్టి, పొలంలో ఏ పంట వేసేవారో చెప్పిన మాటనుబట్టి, ఇది ఫలానా జిల్లా అయి ఉంటుందని ఊహించుకోవలెను. ఈ పనికి తొందర పనికిరాదు. ఇట్టి ఓర్పువల్ల ఎందరో స్త్రీలు తమ ఇళ్ళకు చేరారు. కొందరిని ఇంటివారు, చనిపోయినదనుకొన్న బిడ్డ తిరిగివచ్చినదని గుండెకు హత్తుకొన్నారు.

కాని కొందరికి ఇల్లు లేదు. ఉన్నా రానిచ్చేవారు లేరు. వారు ఆ గృహంలోనే సంవత్సరాలు ఉండిపోయారు. కడుపు నిండుతున్నది, వైద్యం జరుగుతున్నది, ఎవరూ కొట్టడం లేదు. అయినా అది ఇల్లు కాలేదు. గంట కొట్టినప్పుడు తినడం, దీపం ఆర్పినప్పుడు పడుకోవడం. దీర్ఘకాలపు ఆశ్రయానికి ఉన్న ప్రమాదం ఇదే. బయటికి దారి చూపకపోతే అది మనుషులను భద్రపరచే గోదాముగా మారుతుంది. దీనికి విరుగుడుగా 2015నుంచి ఆ సంస్థ మరొక పద్ధతి చేపట్టినది. ఒకరితో ఒకరికి చెలిమి కుదిరిన నలుగురైదుగురు స్త్రీలు కలిసి, మామూలు వీధిలో, మామూలు అద్దె ఇంట్లో కాపురం ఉంటారు. అవసరాన్నిబట్టి ఒక సహాయకురాలు తోడుగా ఉంటుంది. ఏమి వండుకోవాలో వారే నిర్ణయించుకొంటారు. అంగడికి వారే పోతారు. పనికి పోగలిగినవారు పోతారు, పోలేనివారు ఇల్లు చూసుకొంటారు. పొరుగింటివారితో మాటామంతీ ఉంటుంది, అప్పుడప్పుడు తగవూ ఉంటుంది. సంస్థలోనే ఉండిపోయినవారితో పోల్చి చూసినప్పుడు, ఇట్లా ఇళ్ళలోకి వచ్చినవారు నలుగురిలో ఎక్కువగా కలిసిపోతున్నట్లు తేలినది. తమిళనాడుతో పాటు కేరళ, మహారాష్ట్ర, అస్సాం రాష్ట్రాలలో కూడ ఈ పద్ధతి అమలు జరిగినది. ఇందులో నాకు నచ్చిన విషయం ఒకటి ఉన్నది: "పూర్తిగా నయమైన తరువాత ఇల్లు" అని వారు అనలేదు. ఇల్లు కూడ మందులో భాగమని తలచారు.

ఇక్కడ శ్రోతలలో కొందరికి ఒక సందేహం కలుగుతుంది. ఉచితంగా నెలల తరబడి ఉండనిస్తే మనిషి సోమరి కాడా? తాగుడు మానిన తరువాత, పని కుదుర్చుకొన్న తరువాత ఇల్లు ఇస్తామంటే బాగుపడతాడు గదా? ఈ సందేహం మనకే కాదు, పాశ్చాత్య దేశాలవారికీ ఉండేది. వారు దీనిని మెట్లవరుసగా ఏర్పాటు చేశారు. మొదట అందరితో పాటు పెద్ద హాలులో పడక. తాగుడు మానితే చిన్న గది. మరికొంతకాలం బుద్ధిగా ఉంటే ఇల్లు. మెట్లు ఎక్కినవారు కొందరే. జారి మొదటి మెట్టుకు వచ్చినవారు చాలామంది. 1992లో న్యూయార్కులో శామ్ సెంబెరిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ వరుసను తలక్రిందులు చేశాడు. ముందు ఇల్లు ఇచ్చి, తక్కినవన్నీ తరువాత చూద్దామన్నాడు. ఈ మాట ఎంతవరకు నిజమో కెనడావారు 2009నుంచి 2013వరకు ఐదు నగరాలలో, రెండు వేలకు మించిన నిరాశ్రయులను రెండు వర్గాలుగా విభజించి పరీక్షించారు. అందరూ ఏదో మానసిక వ్యాధితో బాధపడుతున్నవారే. చివరి ఆరు నెలలలో, ముందుగా ఇల్లు, దానితో పాటు అండ పొందినవారిలో నూటికి 62 మంది పూర్తికాలం ఇంట్లో నిలిచారు. మామూలు పద్ధతిలో సహాయం పొందినవారిలో నిలిచినది నూటికి 31 మంది. సోమరితనాన్ని గురించిన వాదానికి ఇంతకంటె నేను చెప్పవలసినది లేదు.

ఈ ఆలోచనను ఒక దేశమంతటా అమలు జరిపినవారు ఫిన్లాండువారు. అక్కడ మంచు కురిసే శీతకాలంలో ఇల్లు లేకపోవడమంటే మరణమే. యుద్ధానంతరం వారి రాజధాని హెల్సింకీలో, విమానదాడులనుంచి తలదాచుకొనడానికి త్రవ్విన నేలమాళిగలలో నిరాశ్రయులైన మగవారిని పడుకోబెట్టేవారు. 2008లో ప్రభుత్వం, నగరపాలకసంఘాలు, ధర్మసంస్థలు కలిసి, రాత్రి ఆశ్రయాలను మూసివేసి వాటి స్థానే ఇళ్ళు ఇవ్వవలెనని నిశ్చయించుకొన్నవి. దానికి ప్రేరణ అయిన నివేదికకు "తలుపు మీద పేరు" అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. అక్కడివారు ఇంటి తలుపుకు తమ పేరు వ్రాసుకొంటారు. పేరున్న తలుపు లేనివాడు నిరాశ్రయుడు. సాల్వేషన్ ఆర్మీవారు నడిపిన 250 పడకల ఆశ్రయం ఒకటి 2012లో సుమారు 80 విడి ఇళ్ళుగా మారినది. ప్రతివానికీ తన పేరిట అద్దె ఒడంబడిక, తన తాళంచెవి, క్రింది అంతస్తులో పిలిస్తే పలికే సిబ్బంది. హెల్సింకీలో 2008లో 558 ఉన్న ఆశ్రయపు పడకలు 2016నాటికి 52కు తగ్గినవి. దేశంలో 2008లో ఎనిమిది వేలకు పైగా ఉన్న నిరాశ్రయులు 2023నాటికి 3,429 మంది అయ్యారు. 2024లో ఆ సంఖ్య మళ్ళీ పెరిగి 3,806 అయినది. ప్రభుత్వం అద్దె సహాయాన్ని తగ్గించినందువల్లనే ఇట్లా జరిగినదని ఆ పనిలో ఉన్నవారు చెబుతున్నారు. అండ తీసివేస్తే నీడ కదలిపోతుందన్నమాట.

సుమారు యాభై ఆరు లక్షల జనాభా గల సంపన్న దేశం చేసినదంతా మనం చేయగలమా అంటే, వెంటనే చేయలేము. ఇవ్వడానికి మనకు అన్ని ఇళ్ళు లేవు. అందువల్లనే మన దేశంలో దీర్ఘకాలపు ఆశ్రయానికి మరింత ప్రాముఖ్యం ఉన్నది. వీధికీ ఇంటికీ మధ్య అది వంతెన కావలెను. అయితే దీర్ఘకాలం ఉంచడమంటే పట్టి ఉంచడం కాదు. 2017 నవంబరులో హైదరాబాదులో అంతర్జాతీయ సదస్సు జరుగబోయే ముందు భిక్షాటనను రెండు నెలలు నిషేధించి, వీధులలో ఉన్నవారిని వాహనాలలో ఎక్కించి, జైళ్ళ ఆవరణలలో ఏర్పరచిన ఆశ్రమాలకు తరలించారు. అక్కడ అన్నం పెట్టారు, బట్టలిచ్చారు. అయినా తలుపు ఎవరి చేతిలో ఉన్నదన్నదే ప్రశ్న. లోపలికి రావడానికీ బయటికి పోవడానికీ స్వేచ్ఛ లేనిచోట మనిషి కుదుటపడడు; ఎప్పుడు తప్పించుకొందామా అని చూస్తాడు. ఆ విధంగా ఒకసారి పట్టుబడినవాడు, మరుసటి ఏడు మంచి ఆశ్రయం పెట్టి పిలిచినా రాడు.

మన పట్టణాలలో ఇప్పుడున్న ఆశ్రయాలలో కొన్ని బాగానే నడుస్తున్నవి. వాటిని చూడదలచినవారు రెండు మూడు ప్రశ్నలు అడిగితే చాలు. పగలు కూడ తలుపు తెరచి ఉంటుందా? సామాను పెట్టుకొనడానికి తాళమున్న పెట్టె ఉన్నదా? గత సంవత్సరం ఇక్కడినుంచి అద్దె ఇంటికి వెళ్ళినవారెందరో రిజిస్టరులో వ్రాసి ఉన్నదా? మూడవ ప్రశ్నకు సమాధానం దొరకడం అరుదు. ఎందరు పడుకొన్నారో వ్రాస్తారు, ఎందరు వెళ్ళిపోయారో వ్రాస్తారు. ఎక్కడికి వెళ్ళారో వ్రాయరు.

ఆఖరి మెట్టు మాత్రం ప్రభుత్వం చేతిలో లేదు. అది మన వీధిలో, గది అద్దెకు ఇవ్వబడునని వ్రాసిన బోర్డు దగ్గర ఉన్నది. ఎనిమిదవ నెలలో మన మేస్త్రీ, చేతిలో అడ్వాన్సు పట్టుకొని ఆ బోర్డు చూసి గుమ్మం దగ్గర నిలబడతాడు. "ఇదివరకు ఎక్కడ ఉండేవాడివయ్యా?" అని ఇల్లాలు అడుగుతుంది. అడుగవలసిన ప్రశ్నే. "మునిసిపాలిటీ ఆశ్రయంలోనమ్మా, ఏడు నెలలనుంచి" అని అతడు నిజం చెబితే తలుపు మూసుకొంటున్నది కాబట్టి, అబద్ధం చెప్పడం నేర్చుకొంటున్నాడు. అబద్ధం బయటపడిననాడు సామాను వీధిలో పడుతున్నది. చెన్నై సంస్థవారు అద్దె ఇళ్ళు వెదకినప్పుడు కూడ ముందుగా ఇంటివారితో, ఇరుగుపొరుగువారితో మాట్లాడి ఒప్పించవలసి వచ్చినది. కొందరు ఒప్పుకొన్నారు, కొందరు ఒప్పుకోలేదు. ఆశ్రయం నడిపేవారు అతని వెంట వచ్చి, "ఈయన ఏడు నెలలు మా దగ్గర ఉన్నాడమ్మా, ప్రతి నెలా బ్యాంకులో డబ్బు వేసుకొన్నాడు, ఏదైనా ఇబ్బంది వస్తే మాకు కబురు చేయండి" అని చెప్పగలిగితే చాలా తలుపులు తెరుచుకొంటాయి. అట్లా చెప్పడానికి వారికి అతడు తెలిసి ఉండవలెను. ఒక్క రాత్రి పడుకొని పోయినవాడిని గురించి ఎవరూ అంత మాట చెప్పలేరు.